చుట్టరికం అడిగే చదువు

నీట్ ఫలితాలొచ్చిన వారం కర్నూలులోనూ కడపలోనూ నన్ను ఒకటే అడుగుతారు: "ఎంబీబీఎస్ సీటు వచ్చేలా లేదు సార్, పాపను స్పీచ్ థెరపీలో చేర్చొచ్చా?"

చేర్చొచ్చు. బీఏఎస్ఎల్‌పీ అంటారు, మాటతో పాటు వినికిడి చదువు కూడా. మూడేళ్ల చదువు, ఆపైన ఏడాది ఇంటర్న్‌షిప్. మైసూరులో 1965 నుంచి అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ నడుస్తోంది. సికింద్రాబాదులో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రముంది. అయితే మెడిసిన్ రాక వచ్చినవాళ్లకు మొదటి ఏడే విసుగు పుడుతుంది. మందు రాసేది లేదు, కత్తి పట్టేది లేదు. అడగడం, వినడం, మళ్లీ అడగడం.

ఆ అడగడమే కష్టం. కేస్ హిస్టరీ ఫారంలో ఒక ప్రశ్న ఉంటుంది: తల్లిదండ్రులది మేనరికమా? పుట్టుచెవుడు తెచ్చే జన్యులోపం అమ్మానాన్నలిద్దరిలో దాగి ఉండొచ్చు, వాళ్లకు మాత్రం బాగానే వినపడుతుంది. అలాంటప్పుడు ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు ముప్పు. దగ్గరి రక్తసంబంధమైతే ఇద్దరిలోనూ అదే లోపం ఉండే అవకాశం ఎక్కువ. పుస్తకంలో ఇంతే.

ఓపీలో ఎదురుగా చిన్నవయసు తల్లి, పక్కన అత్త. మేనమామకే ఇచ్చినారు కాబట్టి ఆ అత్త ఆమెకు సొంత అమ్మమ్మ కూడా. "మేనరికమా?" అని ఫారం చదివినట్టు అడిగితే తల్లి తలొంచుకుంటుంది, పెద్దావిడ మొహం గంటు పెట్టుకుంటుంది. "పెండ్లికి ముందునుంచీ చుట్టాలేనామ్మా?" అంటే ఇద్దరూ పోటీపడి వంశమంతా చెప్తారు. లోపం సగం తండ్రి వైపు నుంచీ వస్తుందన్న మాట అత్తకు వినపడేలా కాస్త గట్టిగానే చెప్పమంటాను ఇంటర్న్‌లకు. చుట్టరికం ఎలా అడగాలన్నది సిలబస్‌లో లేదులే గానీ, పరీక్షలో అడగాల్సిన ప్రశ్న అదే.

ఇక థెరపీ గదిలో పని. నోటికి కాగితం అడ్డం పెట్టుకుని ఆ, ఈ, ఊ, మ్, ష్, స్ అంటాం. డేనియల్ లింగ్ ఎంచిన ఆరు ధ్వనులివి. వినపడినప్పుడల్లా పిల్లోడు డబ్బాలో పూస వేయాలి. అయిదుసార్లు వేసి "స్" దగ్గర మన మొహంలోకే చూస్తూ కూర్చుంటే, పై స్థాయి శబ్దాలు చెవికి అందడం లేదని అనుమానించి చెవి మిషన్ చూసుకోవాలి. ఫ్యాన్ రొద కూడా ఉండకూడదు. మే నెల కర్నూలులో ఫ్యాన్ ఆపి ఈ పని చేసిన ఇంటర్న్‌కు నేనైతే అక్కడే డిగ్రీ ఇచ్చేస్తాను.

చెవి మిషన్ సరిపోని పిల్లలకు చేసే కాక్లియర్ ఆపరేషన్ ప్రభుత్వ వైద్య పథకంలో ఉంది. అది గంటల్లో అయిపోతుంది, వినడం నేర్పడానికి ఏండ్లు పడుతుంది. ఆ నేర్పేది తల్లి. చెనక్కాయ కోతలొస్తే ఆమె చేనికి పోతుంది, థెరపీ నిలిచిపోతుంది. ఆమెను కసిరి లాభం లేదు. కాయలు ఒలిచేటప్పుడు పిల్లోడితో ఏమేం మాట్లాడాలో చెప్పి పంపడం మేలు.

పంపేముందు ఇంకో మాట. మళ్లీ కాన్పైతే బిడ్డకు నెల నిండేలోపు చెవి పరీక్షకు తీసుకురమ్మనాలి. ఆ తల్లికి అదే ఇంట్లో ఇచ్చిన చెల్లెలుంటే, ఆ చెల్లెలి బిడ్డను కూడా.