సంఖ్యలను ప్రశ్నించు విద్య

గణితమున మంచి మార్కులు తెచ్చుకొన్న విద్యార్థి పట్టపరీక్ష ముగించి, సాంఖ్యకశాస్త్రమున ఎం.ఏ. లేక ఎం.ఎస్సీ. చదువదలచినపుడు ఇంటివారు అడుగు మొదటి ప్రశ్న "దానివలన ఉద్యోగము వచ్చునా?" అనునది. ఆ ప్రశ్న తప్పు కాదు. కాని దానికంటె ముందు అడుగదగినది వేరొకటి కలదు. ఆ శాస్త్రము మనిషికి ఏ విధమైన ఆలోచన నేర్పును? ఈ ప్రశ్నకు జవాబుగా చదువదగిన గ్రంథము కల్యంపూడి రాధాకృష్ణారావుగారి "స్టాటిస్టిక్స్ అండ్ ట్రూత్". 1987లో, రామానుజన్ శతజయంతి సంవత్సరమున, ఆయన చేసిన స్మారకోపన్యాసములను సి.ఎస్.ఐ.ఆర్. సంస్థ 1989లో ఆంగ్లమున గ్రంథరూపమున ప్రకటించినది. 1997లో దాని రెండవ కూర్పు వెలువడినది.

గ్రంథకర్త చదువు కథయే ఈ విషయమునకు మంచి ఉపోద్ఘాతము. 1920లో, నేటి కర్ణాటకలోని హూవినహడగలిలో, తెలుగు కుటుంబమున జన్మించిన రావుగారు గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్టణములలో చదివి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితమున ఎం.ఏ. పూర్తిచేసిరి. యుద్ధకాలమున ఉద్యోగము వెదకుకొనుచు కలకత్తా వెళ్ళి, అక్కడ భారత సాంఖ్యక సంస్థను చూచి, 1941లో శిక్షణకై చేరిరి. ఆ యేడే కలకత్తా విశ్వవిద్యాలయము సాంఖ్యకశాస్త్రమున ఎం.ఏ. తరగతి నెలకొల్పినది. మొదటి జట్టు విద్యార్థులలో ఒకరై, 1943లో ఆయన ఆ పట్టమును ప్రథమశ్రేణిలో పొందిరి. ఉద్యోగము దొరకకపోవుటచే తెరచుకొన్న ద్వారమది.

గ్రంథము యొక్క మూలవాదము సరళమైనది. లోకమున మనకు లభించు జ్ఞానములో అధికభాగము అనిశ్చితమైనదే. ఆ అనిశ్చితి ఎంతయో కొలువగలిగినచో అట్టి జ్ఞానము కూడ నిర్ణయములకు పనికివచ్చును. కొలువకుండ వదలినచో అది ఊహ మాత్రమే. ఈ భేదమును రావుగారు ఉదాహరణములతో నిలువబెట్టిరి. గ్రంథమునకు బలము ఆ ఉదాహరణములే.

వానిలో ఒకటి ఉప్పు కథ. 1947లో ఢిల్లీలోని ఎర్రకోటలో తలదాచుకొన్న శరణార్థులకు ఆహారము సమకూర్చిన గుత్తేదారు బిల్లులు ప్రభుత్వమునకు మిక్కిలి హెచ్చుగా తోచినవి. లోపలికి పోయి తలలు లెక్కించుటకు వీలులేదు. అపుడు సాంఖ్యకులు బిల్లులలోని బియ్యము, పప్పు, ఉప్పు లెక్కలను విడివిడిగా తీసికొని, ఒక్కొక్క మనిషి సగటు వాడుకతో భాగించిరి. ఉదాహరణకు, మనిషికి దినమునకు 400 గ్రాముల బియ్యము, 15 గ్రాముల ఉప్పు కావలెననుకొందము. బిల్లులో 4,000 కిలోల బియ్యము, 90 కిలోల ఉప్పు ఉన్నచో, బియ్యము లెక్కన జనులు 10,000. ఉప్పు లెక్కన 6,000. ఒకే కోట, ఒకే దినము, రెండు సంఖ్యలు! ఏది నమ్మవలెను? ఉప్పు చౌక. దాని లెక్క పెంచి వ్రాసినను గుత్తేదారునకు మిగులునది స్వల్పము. ఆశ తక్కువగా ఉన్నచోట అబద్ధము తక్కువ. కనుక ఉప్పు చెప్పు సంఖ్యయే సత్యమునకు చేరువ.

ఇందు వాడిన గణితము భాగహారము మాత్రమే. దానిని ఎక్కడ, ఎందుకు వాడవలెనో తెలిసికొనుటలోనే శాస్త్రమున్నది. ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుడు ఒక్క పిరియడులో చెప్పగల పాఠమిది.

రెండవ ఉదాహరణము మరింత సూక్ష్మమైనది. రావుగారు తరగతులలోని మగపిల్లలను వారి అన్నదమ్ములెందరు, అక్కచెల్లెండ్రెందరు అని అడుగుచుండిరి. తమ్ము కూడ కలుపుకొని చెప్పినపుడు మగవారి సంఖ్య ఎల్లచోట్ల మించుచుండెను. దేశమున ఆడపిల్లలు అంత తక్కువగా పుట్టుచున్నారా? కాదు. లోపము ప్రశ్నించిన తీరులోనిది.

గ్రంథమున లేకపోయినను, ఈ చిన్న లెక్క దానిని తేటపరచును. ఇద్దరేసి పిల్లలు గల నాలుగు కుటుంబములను తీసికొందము: ఇద్దరు కొడుకులున్నది ఒకటి, కొడుకు, కూతురు ఉన్నవి రెండు, ఇద్దరు కూతుళ్ళున్నది ఒకటి. మొత్తము మగపిల్లలు నలుగురు, ఆడపిల్లలు నలుగురు. ఇపుడు మగపిల్లలు నలుగురిని అడిగినచో, తమ్ము కలుపుకొని వారు చెప్పు మగవారి మొత్తము 2+2+1+1, అనగా 6. ఆడవారి మొత్తము 2. ఇద్దరు కొడుకులున్న ఇల్లు రెండుసార్లు లెక్కకు వచ్చినది. ఇద్దరు కూతుళ్ళున్న ఇల్లు లెక్కకే రాలేదు. ప్రతివాడును తన్ను మినహాయించుకొన్నచో మగవారు 2, ఆడవారు 2 అగుదురు. వంకర సరియగును. సేకరణలోనే దాగియున్న పక్షపాతమును గుర్తించి సవరించుట సాంఖ్యకుని ముఖ్య ధర్మము.

గ్రంథముయొక్క లోపము కూడ ఇక్కడనే కనిపించును. ఇంత చక్కని ప్రశ్నతో ఆరంభించిన ఆ భాగము త్వరలోనే సూత్రములలో ప్రవేశించును. పైని చూపినట్టి చిన్న లెక్క ఒకటి మధ్య ఉన్నచో పాఠశాల విద్యార్థి కూడ వెంట నడువగలిగెడివాడు. అది లేక అతడు అక్కడ ఆగిపోవును. ఆరంభమున ఉన్న తాత్త్వికచర్చ ఉన్నతమైనదే. కాని క్రొత్తవారికి అదే మొదటి మెట్టుగా నుండుట కష్టము. కనుక ఉదాహరణములున్న భాగములను ముందు చదివి, పిమ్మట మొదటి ఉపన్యాసమునకు మరలుట మేలు.

గ్రంథము వెలువడిన పిమ్మట కంప్యూటర్ల శక్తి ఎన్నో రెట్లు పెరిగినది. నేటి ఎం.ఎస్సీ. విద్యార్థి మీట నొక్కినంతనే సగటులు, పటములు, అంచనాలు తెరపై నిలుచును. ఈ మార్పును గ్రంథము ఎరుగదు. అయినను ఆ కారణముచే అది పాతబడలేదు. అంకెలను ఎవరు సేకరించిరో, ఎవరిని అడిగిరో, ఎవరిని విడిచిరో యంత్రము తనంత తాను అడుగదు. బిల్లులోని బియ్యమునే నమ్మిన యంత్రము 10,000 అనియే చెప్పును. దశాంశములతో సహా చెప్పును. సూత్రములు కంఠస్థము చేసి పట్టము పొందినవాడు ఆ యంత్రమునకు తోడు మరియొక యంత్రమగును. ప్రశ్నించుట నేర్చినవాడే శాస్త్రజ్ఞుడగును.

రావుగారి జీవితమున ఒక సంఘటన దీనికి సాక్ష్యము. 1944 ప్రాంతమున ఆయన కలకత్తాలో ఎం.ఏ. తరగతికి పాఠము చెప్పుచు, అంచనాల ఖచ్చితత్వమును గూర్చి ఫిషర్ పెద్ద ప్రతిచయనములకు చూపిన ఫలితమును వివరించుచుండిరి. చిన్న ప్రతిచయనములకు కూడ అట్టి ఫలితము నిలుచునా అని ఒక విద్యార్థి అడిగెను. ఆ విద్యార్థి, పిమ్మట ఆర్థికశాస్త్రవేత్తగా పేరొందిన వి.ఎం. దాండేకర్. ఆ రాత్రియే రావుగారు జవాబు సాధించిరి. 1945లో ప్రకటితమైన ఆ ఫలితమును నేడు లోకమంతయు క్రామెర్-రావు అసమానత అని పిలుచుచున్నది. 2023లో, తమ 102వ యేట, ఆయనకు అంతర్జాతీయ సాంఖ్యక పురస్కారము లభించుటకు కారణమైన పరిశోధనలలో అది ముఖ్యమైనది. అదే సంవత్సరము ఆగష్టు 22వ తేదీన ఆయన పరమపదించిరి.

ఈ గ్రంథమును ఆయన తమ తల్లి లక్ష్మీకాంతమ్మగారికి అంకితమిచ్చిరి. బాల్యమున తెల్లవారుజామున నాలుగింటికి లేపి, చదువుకొనుటకు నూనెదీపము వెలిగించిన తల్లి ఆమె. తల్లి వెలిగించిన దీపము ఆయనకు చదువునిచ్చినది. విద్యార్థి అడిగిన ప్రశ్న కీర్తినిచ్చినది. సాంఖ్యకశాస్త్రమున ఎం.ఏ. చదువదలచిన విద్యార్థికి మొదటిది ఇంటివారు సమకూర్తురు. రెండవదానిని అలవాటుచేయుట పాఠశాల ఉపాధ్యాయుని వంతు. ఆ అలవాటునకు ఈ గ్రంథము, లోపములతో సహా, మంచి తోడు.