మధ్య బెంచీ పిల్లల కోసం ఒక ఊరు

డాలస్ వైపు బదిలీ మీద వచ్చే మనవాళ్లు ఇంట్లో ఎన్ని బెడ్రూములన్నది తర్వాత అడుగుతారు. ముందు అడిగేది స్కూల్ రేటింగ్ ఎంతని. ఇళ్లు వెతికే జిల్లో సైట్‌లో ఇంటి ఫొటోల కింద కనిపించే పదికి ఎనిమిది, పదికి తొమ్మిది అంకెలు గ్రేట్‌స్కూల్స్ అనే లాభాపేక్ష లేని సంస్థ ఇచ్చేవి. అందులో పరీక్ష మార్కులకు పెద్దపీట. చదువూ డబ్బూ ఉన్న కుటుంబాలు చేరినచోట మార్కులు ఎలాగూ బాగానే వస్తాయి. కాబట్టి ఆ అంకె బడి గురించి ఎంత చెబుతుందో, ఆ వీధుల్లో ఉండేవాళ్ల గురించీ అంతే చెబుతుంది. మీ అమ్మాయి రాత్రి ఎన్నింటికి పడుకుంటుందో మాత్రం చెప్పదు.

ఇల్లు వెతుక్కునే స్నేహితులతో వారాంతాల్లో ఊళ్లు తిరగడం నాకు అలవాటైపోయింది. కారులో వాళ్లకు ముందు చెప్పేది టెక్సాస్ సీట్ల లెక్క. 1997లో వచ్చిన చట్టం ప్రకారం ఏ హైస్కూల్లోనైనా మొదటి పది శాతంలో ఉన్నవాళ్లకు రాష్ట్ర ప్రభుత్వ యూనివర్సిటీల్లో నేరుగా ప్రవేశం. తాకిడి ఎక్కువైన యూనివర్సిటీ ఆఫ్ టెక్సాస్ ఆస్టిన్ క్యాంపస్‌కు మాత్రం ఆ గీత జరుగుతూ వచ్చి, 2026 ఫాల్ నుంచి ఐదు శాతం దగ్గర ఆగింది. ఐదొందల మంది బ్యాచ్‌లో అంటే పాతికమంది. తొమ్మిది రేటింగ్ బడిలో ఆ పాతికలో ఉండాలనుకునేవాళ్లు ఎన్ని వందల మందో ఊహించుకోండి. రేటింగ్ చూసి ఇల్లు కొన్నాం, ఆ రేటింగే పిల్లవాడి ర్యాంకును కిందికి లాగుతుంది.

ఈ పోటీ బయటపడేది టైమ్‌టేబుల్లో. ఏపీ అనే కాలేజీ స్థాయి క్లాసులో వచ్చిన ‘ఏ’ గ్రేడుకు ఎక్కువ పాయింట్లు, ఆర్కెస్ట్రాలో వచ్చిన అదే గ్రేడుకు చాలాచోట్ల మామూలు పాయింట్లే. ఆరో తరగతి నుంచి వయొలిన్ వాయిస్తున్న పిల్ల పదకొండులో దాన్ని అటకెక్కించి ఇంకో ఏపీ తీసుకుంటుంది. ఇష్టం పోయి కాదు, ర్యాంకు తేల్చే జీపీఏ పడిపోతుందని. హెర్బర్ట్ మార్ష్ అనే మనస్తత్వవేత్త 1980ల నుంచీ చెబుతున్నదీ ఇలాంటిదే: సమానమైన తెలివి ఉన్న ఇద్దరిలో, అందరూ మెరికలే ఉన్న బడిలో పడ్డవాడు తనను తాను తక్కువగా అంచనా వేసుకుంటాడు.

అందుకే నేను చూడమనేది మధ్య బెంచీ పిల్లల సంగతి. హైస్కూల్ కౌన్సెలింగ్ పేజీలో ‘స్కూల్ ప్రొఫైల్’ అని ఒకటి రెండు పేజీల కాగితం ఉంటుంది, కాలేజీలకు పంపేది. అందులో టాపర్లు చేరిన పేరున్న కాలేజీలను వదిలేసి, జీపీఏలు ఎలా పరుచుకున్నాయో చూడండి. కౌన్సెలర్ ఒక్కరికి ఎంతమంది పిల్లలో అడగండి; ఆ వృత్తివాళ్ల జాతీయ సంఘం సిఫారసు 250 మందికి ఒకరు. ఎనిమిదిలో ఆల్జీబ్రా తీసుకున్నా పన్నెండుకల్లా కాల్క్యులస్ అందుతుంది. అయినా ఆరులోనే ఆల్జీబ్రా ఎందుకివ్వరని పోట్లాడే తల్లిదండ్రులు ఎందరున్నారో బోర్డు మీటింగ్ వీడియోలు చూస్తే తెలుస్తుంది. ఆ తర్వాత మ్యాప్‌లో బడి చుట్టూ ట్యూషన్ సెంటర్లు లెక్కపెట్టండి. ఒకే స్ట్రిప్ మాల్‌లో కుమాన్, దాని పక్కన ఇంకో మ్యాథ్ సెంటర్, ఆ పక్కన శాట్ కోచింగ్ కనిపిస్తే బడిలో ఏం జరుగుతోందో వేరే చెప్పక్కర్లేదు.

బడి సైజు కూడా పట్టించుకోవాల్సిందే. డాలస్ శివారులోని ఆలెన్‌లో ఊరంతటికీ ఒకటే పెద్ద హైస్కూలు. పిల్లలు ఐదు వేలకు పైనే. 2012లో ఆరు కోట్ల డాలర్లతో, 18 వేల సీట్లతో స్టేడియం కట్టుకున్నారు. పక్కనే ఫ్రిస్కోలో దారి వేరు: ఒక్కో బడిలో సుమారు రెండు వేల మంది చొప్పున 12 హైస్కూళ్లు. అంటే 12 బ్యాండ్లు, 12 బాస్కెట్‌బాల్ జట్లు. అంతంతమాత్రంగా ఆడే పిల్లవాడికీ ఎక్కడో ఒక జెర్సీ దొరుకుతుంది. అలాగని ఫ్రిస్కోలో ర్యాంకు గొడవ లేదనుకోకండి. శాతాల లెక్కకు బడి చిన్నదైనా పెద్దదైనా ఒకటే, పక్కన కూర్చున్నది ఎవరన్నదే తేడా.

పక్కన కూర్చునేది చాలాసార్లు మన పిల్లలే. న్యూజెర్సీలో ప్రిన్స్‌టన్ పక్కనున్న వెస్ట్ విండ్సర్–ప్లెయిన్స్‌బరో స్కూళ్ల సూపరింటెండెంట్ డేవిడ్ ఆడర్‌హోల్డ్ 2015లో తల్లిదండ్రులకు 16 పేజీల ఉత్తరం రాశాడు, పిల్లలు ఒత్తిడికి తట్టుకోలేకపోతున్నారని. హైస్కూల్లో మిడ్‌టర్మ్‌లు, ఫైనల్స్ తీసేశారు. హోంవర్క్ లేని రాత్రులు పెట్టారు. ప్రమాణాలు పడిపోతాయని గట్టిగా అడ్డుచెప్పినవాళ్లలో ఆసియా తల్లిదండ్రులు పలువురు. వాళ్ల భయం నాకు అర్థమవుతుంది. ఇంటర్ రెండేళ్లూ హాస్టల్లో, తెల్లారకముందే స్టడీ అవర్, వారం వారం టెస్టులతో గడిపి ఇక్కడిదాకా వచ్చినవాళ్లం. మనల్ని ఒడ్డున పడేసింది ఆ రుబ్బుడేనని నమ్మకం. దాన్ని వదలమంటే పిల్లవాడి చేతిలో తెడ్డు లాక్కున్నట్టే ఉంటుంది.

కానీ ఆ నమ్మకాన్ని సామాన్లతోపాటు లారీలో ఎక్కించుకుని వెళ్తే ఏ ఊరూ ప్రశాంతంగా మిగలదు. ఏడు రేటింగ్ ఊరు చూసి మనలాంటివాళ్లే వంద కుటుంబాలు దిగితే నాలుగేళ్లలో అది తొమ్మిదవుతుంది, స్ట్రిప్ మాల్ దానంతటదే నిండుతుంది. కాబట్టి అలాంటి ఊరు ఎంచుకునేముందు ఇంట్లో ఒక మాట తేల్చుకోవాలి: పిల్లవాడు మామూలు లెక్కల క్లాసులోనే ఉంటానంటే ఉండనిస్తామా? ఉండనివ్వలేమనుకుంటే ఆఫీసుకు దగ్గరగా ఉన్న ఇల్లు తీసుకోవడం మేలు. కనీసం ట్రాఫిక్ బాధైనా తప్పుతుంది.