కంచు మనిషి మీద పరీక్ష

విద్యార్థి ముందు నిలువెత్తు కంచు విగ్రహం. ఒళ్లంతా సన్నని రంధ్రాలు. అవి కనపడకుండా పైన మైనం పూత, లోపల నీళ్లు. గురువు ఒక బిందువు పేరు చెబుతాడు, శిష్యుడు సూది గుచ్చాలి. గురి కుదిరితే నీటిచుక్క బయటికి వస్తుంది. తప్పితే సూది కంచుకు తగిలి ఆగిపోతుంది. సోంగ్ రాజుల కాలంలో, 1027 ప్రాంతంలో, వాంగ్ వెయ్‌యీ పోత పోయించిన రెండు విగ్రహాలతో ఆక్యుపంక్చర్ వైద్యులను ఇలా పరీక్షించేవారని చెబుతారు. పుస్తకం కంఠతా వస్తే చాలదు, వేలికొసకు తెలియాలి.

చైనాలో ఈ వైద్యాన్ని ‘ఝెన్‌జియూ’ అంటారు. ఝెన్ అంటే సూది, జియూ అంటే సెగ. మనవాళ్లు సూదినే గుర్తుపెట్టుకున్నారు గానీ, రాతలో ముందు కనిపించేది సెగే. క్రీ.పూ. 168లో మూసిన మావాంగ్‌దుయ్ సమాధిలో దొరికిన పట్టు గ్రంథాల్లో శరీరంలోని శక్తి మార్గాలున్నాయి, వాటిపై సెగ పెట్టే పద్ధతి ఉంది, సూదుల ఊసు లేదు. ఆ సెగకు వాడే ఆకు మనకు కొత్తేమీ కాదు. వినాయక చవితి పత్రిలో మొదట వేసే మాచిపత్రి జాతిదే. ఎండబెట్టి, దూదిలా నలిపి, చుట్టలా చుట్టి అంటించి, చర్మానికి కాస్త ఎడంగా పట్టుకుంటారు.

సూదులు కూడా మొదట్లో ఇప్పటిలా లేవు. ‘హువాంగ్‌డీ నెయ్‌జింగ్’ గ్రంథం తొమ్మిది రకాలను వర్ణించింది. చీముగడ్డ కోసేవి, నెత్తురు తీసేవి, గుచ్చకుండా ఒత్తేవి కూడా వాటిలో ఉన్నాయి. క్రీ.పూ. 113లో చనిపోయిన లియు షెంగ్ అనే రాకుమారుడి సమాధిని 1968లో తవ్వితే నాలుగు బంగారు సూదులు, ఐదు వెండి సూదులు దొరికాయి. ఇప్పటి సూది మందం దాదాపు పావు మిల్లీమీటరు.

మోకాలి కింద ఉండే ‘జూసాన్‌లీ’ బిందువునే చూడండి. మోకాటి చిప్ప కింద, బయటివైపున్న గుంట నుంచి బెత్తెడు కిందికి కొలిచి, కాలి ముందు ఎముక నుంచి వేలెడు పక్కకు జరగాలి. ఆ బెత్తెడు రోగిదే, వైద్యుడిది కాదు. పొడుగాటి మనిషికి పొడుగు కొలత, పసివాడికి చిన్న కొలత. సూది దిగాక దాన్ని మెల్లగా తిప్పుతారు, కొంచెం ఎత్తి దించుతారు. రోగికి లోపల బరువుగా, తిమ్మిరిగా, నొక్కినట్టు అనిపిస్తుంది. వైద్యుడికి తన వేళ్ల కింద కండ సూదిని పట్టుకున్నట్టు తెలుస్తుంది. దీన్నే ‘దే చీ’ అంటారు. చైనా పద్ధతిలో ఇది రాకపోతే పని పూర్తికానట్టే.

జపాన్‌లో దారి మారింది. 17వ శతాబ్దంలో సుగియామా వాయిచీ అనే అంధ వైద్యుడు సూదిని సన్నని గొట్టంలో పెట్టి, పైకి తేలిన కొసను వేలితో తట్టి దించే పద్ధతిని వ్యాప్తి చేశాడు. చూపు లేనివారికి స్పర్శే కన్ను కాబట్టి, అక్కడ సూది మరింత సన్నబడింది, గుచ్చే లోతు తగ్గింది, తడిమి చూడడం పెరిగింది. ఇవాళ ప్రపంచమంతా వాడే ప్లాస్టిక్ గొట్టం ఆయన చలవే. 1950ల్లో ఫ్రాన్స్‌లో పాల్ నోజియే చెవిలో తలకిందులుగా ఉన్న గర్భస్థ శిశువును చూసి, దేహమంతటికీ చెవిమీదే పటం గీశాడు. ఇక సూదులకు స్వల్ప విద్యుత్తు కలిపే పద్ధతిపై బీజింగ్‌లో హాన్ జీషెంగ్ దశాబ్దాలపాటు పరిశోధించి, నొప్పిని తగ్గించే ఎండార్ఫిన్ల వంటి రసాయనాలు ఒంట్లోనే విడుదలవుతాయని చూపాడు.

ఇది నిరంతరాయంగా సాగిన సంప్రదాయం కూడా కాదు. 1822లో చక్రవర్తి దావోగ్వాంగ్ రాజవైద్యశాలలో దీన్ని నిషేధించాడు. 20వ శతాబ్దంలో చెంగ్ దాన్‌ఆన్ శరీరశాస్త్రం చదివి, రక్తనాళాలకు దూరంగా బిందువులను సవరించి మళ్లీ నిలబెట్టాడు. మనదేశానికి తెచ్చినవారిలో బిజయ్ కుమార్ బసు ముఖ్యుడు. 1938లో డాక్టర్ కోట్నిస్‌తోపాటు చైనా వెళ్లిన వైద్య బృందంలో ఆయన ఒకరు. తర్వాత మళ్లీ వెళ్లి ఈ విద్య నేర్చుకుని, కలకత్తాలో వైద్యం మొదలుపెట్టాడు.

మరి ఫలితం? 2007లో జర్మనీ పరిశోధకులు 1,162 మంది నడుంనొప్పి రోగులపై ఒక అధ్యయనం ప్రచురించారు. ఆరు నెలల తర్వాత, సంప్రదాయ బిందువుల్లో సూదులు వేయించుకున్నవారిలో 47.6 శాతం మందికి, కావాలనే బిందువులు కాని చోట పైపైన గుచ్చించుకున్నవారిలో 44.2 శాతం మందికి, మందులూ వ్యాయామమూ తీసుకున్నవారిలో 27.4 శాతం మందికి గుణం కనిపించింది. కంచు మనిషిని నమ్మినవారికి ఇది మింగుడుపడని లెక్క. సూదులు వేయించుకున్నవారికి మేలు జరిగింది నిజమే, కానీ ఆ మేలు బిందువుదేనని చెప్పలేం. నొప్పులకూ వాంతులకూ దీన్ని ఆశ్రయించడం సబబే. క్యాన్సర్ నయం చేస్తామనేవారిని మాత్రం గుమ్మంలోనే ఆపాలి.

అయినా వేలికి పని తప్పదు. మెడకూ భుజానికీ మధ్య ‘జియన్‌జింగ్’ అనే బిందువు ఉంది. అక్కడ సూది నిటారుగా, లోతుగా దిగితే ఊపిరితిత్తి కొసకు తగలొచ్చు. తెలిసిన వైద్యుడు ఆ కండను రెండు వేళ్లతో పైకి పట్టి, పట్టిన కండలోకే సూది దించుతాడు.