రెండోసారి వచ్చే నవ్వు

హోటల్ కౌంటర్ వెనక ఒక పెద్దావిడ పదకేళి పూరిస్తూ కూర్చుని ఉంటుంది. లండన్ నుంచి బదిలీ మీద ఆ ఊరికి వచ్చిన సార్జెంట్ నికొలస్ ఏంజెల్ సామానుతో ఎదురుగా నిలబడగానే ఆవిడ ‘ఫాసిస్ట్’ అంటుంది. ఏంజెల్ బిత్తరపోతాడు. తీరా చూస్తే ఆవిడ తిట్టలేదు, అడ్డం ఏడుకు జవాబు చెప్పింది. అతను ఆ జవాబును సరిదిద్ది, కాసేపాగి, నిలువు పన్నెండుకు తన జవాబు చెబుతాడు: ‘ముసలి పిశాచి’. హాల్లో కొద్దిగా నవ్వు పుడుతుంది, కథ ముందుకు సాగిపోతుంది. చాలాసేపటి తర్వాత అదే ఊరి నడిబొడ్డున అదే ఆవిడ తుపాకీ పట్టుకుని ఆ మాటే మళ్ళీ అరుస్తుంది. అతనూ పాత జవాబే విసురుతాడు. ఈసారి హాలు గొల్లుమంటుంది. మాటలు పాతవే. ఈలోగా ప్రేక్షకుడికి ఆ ఊరి సంగతి తెలిసిపోయింది, అదీ తేడా.

2007లో వచ్చిన బ్రిటిష్ సినిమా ‘హాట్ ఫజ్’ నిండా ఇలాంటి జంటలే. దర్శకుడు ఎడ్గార్ రైట్, కథానాయకుడు సైమన్ పెగ్ కలిసి రాసుకున్న కథ ఇది. లండన్‌లో ఏంజెల్ మరీ సమర్థంగా పనిచేసి తోటివాళ్ళందరికీ చెడ్డపేరు తెస్తున్నాడని పై అధికారులు అతన్ని శాండ్‌ఫర్డ్ అనే పల్లెటూరికి పంపేస్తారు. ఆదర్శ గ్రామంగా ఏటా బహుమతి గెలుచుకునే ఊరు. నేరాలు లేని ఊరు. ప్రమాదాల్లో మాత్రం మనుషులు వరసగా చచ్చిపోతుంటారు.

మొదటి గంట నెమ్మదిగా నడుస్తుందని కొందరు ప్రేక్షకులు అంటారు. పారిపోయిన హంసను పట్టుకోవడం, మైనర్లు తాగుతున్న పబ్బు మీద దాడి, పక్కింటి కంచె కత్తిరించిన రైతుతో తగువు... వీటికి ఇంత సమయం ఎందుకని వాళ్ళ ప్రశ్న. నా దృష్టిలో సినిమా బలమంతా ఆ గంటలోనే ఉంది. చివరి అరగంటలో హాలు ఎందుకు ఊగిపోతుందో తెలియాలంటే ఈ నెమ్మదిలో ఏమేం దాచారో చూడాలి.

ఆ కంచె తగువునే తీసుకుందాం. రైతు మాట్లాడేది ఎవరికీ ఒక్క ముక్క అర్థం కాదు. ఒక ముసలి కానిస్టేబుల్‌కు ఆ యాస తెలుసు, అతను తిరిగి చెబుతాడు. అతను చెప్పింది కూడా ఏంజెల్‌కు అర్థం కాదు. దాన్ని మళ్ళీ డానీ అనే యువ కానిస్టేబుల్ మామూలు ఇంగ్లీషులో చెబుతాడు. ఒకే వాక్యం మూడు నోళ్ళు మారి వస్తుంటే ప్రతి మజిలీలోనూ నవ్వు పెరుగుతుంది. రైతుగా డేవిడ్ బ్రాడ్లీ ముఖంలో చిన్న కదలిక కూడా ఉండదు. తాను స్పష్టంగానే మాట్లాడుతున్నాననే నమ్మకం అది. ఇంతలో అతని కొట్టం తలుపు తెరుచుకుంటుంది. లోపల లైసెన్సు లేని తుపాకులు గుట్టలుగా ఉంటాయి, యుద్ధకాలపు సముద్రపు మందుపాతర ఒకటి కూడా. అన్నీ జప్తు చేసి స్టేషన్‌కు తెస్తారు. మందుపాతర ఇక పేలదని తేల్చేస్తారు.

బ్రిటన్‌లో మామూలు పోలీసు తుపాకీ మోయడు. చేతిలో లాఠీ తప్ప ఏమీ లేని సార్జెంటు చివర్లో హాలీవుడ్ స్థాయిలో కాల్పులు జరపాలంటే ఆయుధాలు ఎక్కడి నుంచి రావాలి? ఈ రచయితలు దానికి విడిగా కారణం వెతుక్కోలేదు. మనం పగలబడి నవ్విన ఆ కొట్టం సన్నివేశంలోనే ఆయుధాగారాన్ని స్టేషన్‌కు చేర్చేశారు. ఏంజెల్ ఆ గది తలుపు తీసినప్పుడు ‘ఇవెక్కడివి’ అని ఎవరూ అడగరు. కథకు అవసరమైన పనిని నవ్వు చాటున ఇంత శుభ్రంగా చేయించిన సన్నివేశం నాకు మరొకటి వెంటనే గుర్తుకు రావడం లేదు.

డానీ సంగతి మరీ అందమైనది. నిక్ ఫ్రాస్ట్ ఆ పాత్రలో పెద్ద పిల్లాడిలా ఉంటాడు. పోలీసంటే అతనికి తెలిసిందంతా యాక్షన్ సినిమాలే. గాల్లోకి ఎగురుతూ రెండు తుపాకులు కాల్చావా, గురి పెట్టి కాల్చలేక ఆకాశంలోకి కాల్చి అరిచావా అని ఏంజెల్‌ను కాల్చుకు తింటాడు. ఆ రెండో ప్రశ్న 1991లో క్యాథరిన్ బిగెలో తీసిన ‘పాయింట్ బ్రేక్’ నుంచి వచ్చింది. ఒక రాత్రి ఇద్దరూ కూర్చుని ఆ సినిమా చూస్తారు కూడా. చివర్లో డానీ తుపాకీకి ఎదురుగా అతని సొంత తండ్రి, ఆ ఊరి పోలీసు అధికారి నిలబడతాడు. డానీ కాల్చలేడు. తుపాకీ ఆకాశం వైపు తిప్పి, గుళ్ళు అయిపోయేదాకా కాలుస్తూ అరుస్తాడు. హాలు విరగబడి నవ్వుతుంది. ఆ నవ్వులో కొడుకు బాధ కూడా ఉంటుంది. ఎక్కిరింపుగా మొదలైన ఒక సినిమా జ్ఞాపకం ఆ కుర్రాడి నిజమైన గుండెకోత చెప్పుకోవడానికి భాష అయింది. హాస్యచిత్రాల్లో ఇంత దూరం వెళ్ళగలిగినవి అరుదు.

కెచప్ పొట్లం కూడా అంతే. మొదట్లో డానీ కంట్లో ఫోర్కు గుచ్చుకున్నట్టు నటించి కెచప్ చిమ్మించి ఏంజెల్‌ను హడలగొడతాడు, చవకబారు చిలిపి పని. తర్వాత ఊరి పెద్దలందరి ముందూ ఏంజెల్‌ను కత్తితో పొడిచి చంపింది కూడా డానీయే అనుకుంటాం. అతని ప్రాణం కాపాడింది ఆ చిలిపి విద్యేనని తెలిశాక ప్రేక్షకులు ఊపిరి పీల్చుకుని మరీ నవ్వుతారు.

క్రిస్ డికెన్స్ కూర్పు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. తర్వాత ‘స్లమ్‌డాగ్ మిలియనీర్’కు ఆస్కార్ అందుకున్న ఎడిటర్ ఇతను. ఏంజెల్ ఫారాలు నింపే దృశ్యాలను అతను తుపాకీ యుద్ధంలా కత్తిరించాడు. కలం క్లిక్కుమంటుంది, కాగితం సర్రుమంటుంది, జైలు గది తలుపు ధడేలుమంటుంది, ఒక్కొక్క ముక్క సెకను కూడా నిలవదు. జేమ్స్ బాండ్ సినిమాలకు సంగీతం కట్టిన డేవిడ్ ఆర్నల్డ్ ఈ చిన్న ఊరి కథకు కూడా అంతే గంభీరంగా వాయించాడు. కొత్త ప్రేక్షకుడు మొదట ఈ హడావుడికి నవ్వుతాడు. కాసేపటికి అతనికి తెలియకుండానే ఆ లయ అలవాటవుతుంది. నిజంగా తుపాకులు పేలే వేళకు అతని కన్ను సిద్ధంగా ఉంటుంది. ఊరంతా దద్దరిల్లిన యుద్ధం ముగిశాక పోలీసులంతా ఏం చేస్తారనుకున్నారు? స్టేషన్‌లో కూర్చుని ఫారాలు నింపుతారు.

నటుల ఎంపికలోనూ ఇదే పద్ధతి. ఊరి పెద్దల్లో ఒకడు ఎడ్వర్డ్ వుడ్‌వర్డ్. 1973 నాటి ‘ది వికర్ మ్యాన్’లో ఊరంతా కలిసి బలిచ్చిన పోలీసు అతనే. ఇక్కడ పోలీసును వేటాడే ఊరివైపు నిలబడ్డాడు. సూపర్ మార్కెట్ యజమానిగా ఒకప్పటి బాండ్ టిమొతీ డాల్టన్ పళ్ళన్నీ చూపిస్తూ, తాను హంతకుణ్ణని దాదాపు బాహాటంగానే చెబుతుంటాడు. ధరలు కోసేస్తానన్న మాటలో అసలు కోత దాక్కుని ఉంటుంది. మొదటిసారి చూసేవాడు అనుమానం మరీ తేలికగా ఉందనుకుని అతన్ని వదిలేస్తాడు. ఏంజెల్ మాత్రం ఆధారాలన్నీ కూర్చి, భూముల లావాదేవీల చుట్టూ పెద్ద కుట్ర సిద్ధాంతం అల్లుతాడు, మనమూ నమ్ముతాం. నిజం అంతకంటే చాలా చిన్నది. ఒకడు నాటకంలో చెడ్డగా నటించాడు, ఇంకొకడి ఇల్లు చూడ్డానికి బాగాలేదు, విలేఖరి అచ్చుతప్పులు చేశాడు. ఆదర్శ గ్రామం బహుమతి పోతుందని చంపారు! హాల్లో నవ్వు, గగుర్పాటు కలిసి వస్తాయి.

ఆ విలేఖరి చావు దగ్గర మాత్రం నవ్వు ఒక్కసారిగా ఆగిపోతుంది. చర్చి గోపురం మీది రాతి శిఖరం అతని తల మీద పడే దృశ్యాన్ని రైట్ ఏమీ దాచకుండా చూపించాడు. అంత రక్తం అవసరమా అని మొదట నాకూ అనిపించింది. కానీ ఊరి బొమ్మ నమూనాలో డాల్టన్ జారిపడి, అగ్గిపెట్టెంత చర్చి శిఖరం గడ్డంలో గుచ్చుకుని గిలగిల్లాడినప్పుడు, ఆ మొదటి శిఖరం గుర్తున్నవాళ్ళు అబ్బా అంటూనే నవ్వుతారు. అక్కడ భయపెట్టకపోతే ఇక్కడ ఇంత నవ్వు రాదు.

షూటింగ్ చాలావరకు సొమర్సెట్‌లోని వెల్స్‌లో జరిగింది. రైట్ పెరిగిన ఊరది. అతను కుర్రతనంలో పనిచేసిన సూపర్ మార్కెట్టే డాల్టన్ కొట్టు. వెల్స్‌లోని మహా చర్చి పల్లెటూరి కథకు నప్పదని దాన్ని ప్రతి షాట్‌లోనూ కంప్యూటర్‌తో చెరిపేశారు. ఆ వీధుల మూలమూలా తెలిసినవాడు కాబట్టే ఎక్కడ పరుగెత్తించాలో, ఎక్కడ కాల్పులు పెట్టాలో రైట్‌కు అంత ధీమా.

చిన్న ఊరి పోలీసు వినోదం మనకూ కొత్త కాదు. 2012లో ‘గబ్బర్ సింగ్’లో రౌడీల చేత అంత్యాక్షరి ఆడించిన సన్నివేశానికి తెలుగు హాళ్ళు ఈలలతో మోగిపోయాయి. అక్కడ హీరో స్థాయి ప్రేక్షకుడికి ముందే తెలుసు, ఈల నాలుక మీదే ఉంటుంది. ఏంజెల్ గుర్రం మీద తుపాకులతో ఊళ్ళోకి తిరిగొచ్చే దృశ్యం కూడా అచ్చంగా అలాంటి హీరో ఎంట్రీయే. కాకపోతే అది సినిమా చివరికి వస్తుంది. అప్పటిదాకా హంస వెంట పరుగెత్తిన మనిషి కదా, ఈల వేసే హక్కు ప్రేక్షకుడు సంపాదించుకోవాలి.

హంసకూ మళ్ళీ పని పడుతుంది. పబ్బులో పట్టుబడిన కుర్రాళ్ళే స్ప్రే డబ్బాలతో వచ్చి ఊరి కెమెరాల కళ్ళు కప్పుతారు. పేలదన్న మందుపాతర, సినిమా అయిపోయిందని అందరూ లేవబోయే వేళకు పేలుతుంది.

ఇవన్నీ హాలంతా పట్టుకునేవి. కొన్ని ఏ ఒక్కరి కోసమో పెట్టినవి. స్టేషన్ బల్ల వెనక బిల్ బెయిలీ పుస్తకం చదువుతూ కనిపిస్తాడు. ఒకసారి జుట్టు నున్నగా, ఒకసారి చెదిరి ఉంటుంది. ఒకసారి చేతిలో ఇయన్ బ్యాంక్స్ నవల, ఇంకోసారి ఇయన్ ఎమ్. బ్యాంక్స్ నవల. వాళ్ళిద్దరూ కవలలని చివర్లో గాని తేలదు. బ్యాంక్స్ మాత్రం ఒక్కడే: మామూలు నవలలకు ఒక పేరు, సైన్స్ ఫిక్షన్‌కు ‘ఎమ్’ చేర్చిన ఇంకో పేరు పెట్టుకున్న స్కాట్లండ్ రచయిత. ఆ పుస్తకాల అట్టలు తెర మీద నిలిచేది చాలా కొద్దిసేపు.