తామారు చీర

మా ఉప్పాడలో మగ్గముమీద ఇద్దరు ప్రక్కప్రక్కన కూర్చుండి జాందానీ చీర నేయుదురు. ప్రతి పువ్వుకును వేరుగా దారము చేతితో చొప్పింపవలెను. కొన్ని చీరలకు నెలలు పట్టును. 2009లో ఈ నేతకు భౌగోళిక గుర్తింపు లభించెను. గనుక అందమైన బట్ట పాపమని నేను చెప్పబోవుట లేదు.

మొన్న మా సంఘములోని నేతవారి అమ్మాయి ఫోనులో ఒక బొమ్మ చూపి, "అయ్యగారూ, ఇదేం ప్రకటనండీ?" అని అడిగెను. అది 2007లో డోల్చే అండ్ గబ్బానా అను ఇటలీ బట్టల సంస్థవారు వేయించినది. ఒకడు స్త్రీని మణికట్లు పట్టి నేలకు అదిమియున్నాడు. తక్కిన మగవారు నిలువబడి చూచుచున్నారు. స్పెయిను, ఇటలీ దేశములలో గొప్ప అభ్యంతరము రాగా దానిని తీసివేసిరి. దూరదేశపు సంగతి యనుకొందుమా? 2012లో ఢిల్లీ బస్సులో జరిగిన ఘోరము మీరెరుగుదురు. 2014లో ముంబయి ఛాయాగ్రాహకుడొకడు ఖరీదైన దుస్తులు తొడిగించి, బస్సులో మగవారు ఒక స్త్రీని చుట్టుముట్టి పట్టుకొన్నట్టు బొమ్మలు తీసెను. ఆ ఘోరమునుబట్టి తీయలేదని ఆయన చెప్పుకొనెను గాని జనులు ఒప్పుకొనలేదు.

సిగ్గుపడుచు వ్రాయుచున్నాను, ఆ ఫోనులో నేనును మొదట బట్టనే చూచితిని. స్త్రీ తరువాత కనబడెను. ఆ ప్రకటన కోరినది అదే. ఆమెకు కలిగిన కీడు బట్టకు మెరుగైనది. ఆమె ముఖమున ఏడుపు లేదు, నోట కేక లేదు. పెనుగులాడి చినిగిన గురుతు బట్టమీద ఎక్కడను లేదు. మన ప్రసంగములు మాత్రము మేలా? స్త్రీ ఒంటిమీద బట్ట ఎంతయున్నదో అంతవరకే కొలుచుచున్నాము. ఆమెను పట్టుకొన్న చేతులనుగూర్చి ఏ ఆదివారమున ప్రసంగించితిమి?

రెండవ సమూయేలు 13వ అధ్యాయము తెరువుము. అక్కడను మంచి బట్టయున్నది. తామారు రాజకుమార్తెలు ధరించు వివిధ వర్ణముల చీర కట్టుకొనియుండెను. గ్రంథకర్త ఆ చీర మాట ఎక్కడ చెప్పెనో చూడుము. అమ్నోను ఆమెను చెరిపి బయటికి గెంటించినచోట చెప్పెను. ఆమె దానిని చింపుకొని, తలమీద బూడిద పోసికొని, ఏడ్చుచు వెళ్లెను. అంతకుముందు ఆమె వానితో వాదించెను. ఇశ్రాయేలీయులలో ఇట్టిది జరుగరాదనెను. తన్ను వెళ్లగొట్టుట మొదటి కీడుకంటె పెద్ద కీడనెను. చేసినవాని పేరును అధ్యాయము దాచలేదు. ఆ ఇటలీ బొమ్మలో ఇవేవియు లేవు.

అయితే అదే అధ్యాయములో అబ్షాలోము చెల్లెలిని ఊరకుండుమనెను. దావీదు కోపపడెను, అంతే. ఇక ప్రకటనలవారిని విడిచి మన పెద్దల పంచాయితీలకు రావలెను. కొన్నేండ్ల క్రితము ఒక సహోదరి మోచేతులమీద కమిలిన గురుతులతో మా ఇంటికి వచ్చెను. నేను ప్రార్థన చేసి, "ఓర్చుకో అమ్మా, ఇంటి సంగతి వీధిన పెట్టుకోకు" అని చెప్పి పంపివేసితిని. ఆదివారము ఆమె మంచి చీర కట్టుకొని, నిండు చేతుల రవిక తొడుగుకొని స్త్రీల వరుసలో కూర్చుండెను. నేను బల్లయొద్దనుండి చూచి, అంతయు సర్దుకొన్నదని సంతోషించితిని.