బంగారుపూతయు మంత్రపాఠమును: ఐగుప్తు మతగ్రంథముల విమర్శ

సికిందరాబాదు దండుప్రదేశమునందలి తిరుమలగిరి నివాసికి వివాహాదులు తటస్థించినపుడు గిల్టునగల కొఱకు లాల్‌బజారు గాని జనరల్ బజారు గాని గతి. అతడు గ్రంథప్రియుడైనచో ఆదివారమున హైదరాబాదు ఆబిడ్సు బాటల ప్రక్కలం బఱచిన పాతపుస్తకముల కడకుం బోవును. అచట దొరకు పుస్తకములలో ప్రాచీన ఐగుప్తు మతమును గూర్చినవి యరుదుగా నుండవు. గద్దతలల దేవతల చిత్రములు, పసిడివన్నె యక్షరములు గల యట్టలు దూరమునుండియే కన్నులను లాగును. పైపూత మెఱయు వస్తువులగుటచే నీ రెండు సరకులును ఒక్కతీరుననే తోచును. కాని పూత యెచట నిర్దోషము, ఎచట దోషము అను ప్రశ్నకు ఈ రెంటియందును ఒకటే సమాధానము కాదు.

మొదట నగల మాట. తెలుగున గిల్టు, కాకిబంగారము, మొలాము, తాపడము అను పదము లొకదాని కొకటి పర్యాయములు కావు. కాకిబంగారమన్నచో నింద స్ఫురించును. గిల్టునందు నిందాచ్ఛాయ కొంత కలదు. తాపడమన్ననో గౌరవమే. రాగిరేకులపై బంగారము నెక్కించి విమానమును గప్పుట తాపడము. 1518లో శ్రీకృష్ణదేవరాయలు తిరుమల ఆనందనిలయ విమానమునకు జేయించినది యట్టిదే. లోన నున్నది రాగి యని యెఱిగియు భక్తుడు దానిని బంగారుగోపురమనియే పిలుచును. మోసపోయితినని యెవ్వడును వగవడు. బందరు చెంతనున్న చిలకలపూడి పనివారును తమ సరకును పదియాఱువన్నె బంగారమని యమ్మరు. చిలకలపూడి నగ యన్నంతనే కొనువానికి లోహమేదో, పూతయేదో తెలియును. కావున దోషము పూతయందు లేదు. పూతను దాచుటయందు గలదు.

ఐగుప్తీయుల మతమున ఈ విషయము మఱింత లోతుగా నున్నది. వారి పురాణగాథ యొకదానియందు వృద్ధుడైన సూర్యదేవుడు రా యెముకలు వెండియు, మాంసము బంగారమును, కేశములు రాజావర్తమణియు నైనట్లు వర్ణింపబడినది. హాథోరు దేవికి స్వర్ణమయి యను బిరుదు కలదు. మృతుని ముఖమునకు బంగారుముసుగు తొడుగుట కేవలాలంకారము గాదు, దేవశరీరమును బొందించుట. హవార్డ్ కార్టరు 1922లో గనిపట్టిన టూటంఖామెన్ సమాధియందు లోపలి శవపేటిక నూటపది కిలోల ఘనసువర్ణము. కాని దానిని గప్పిన రెండు పేటికలును, వానిని జుట్టిన నాలుగు మందిరములును కొయ్యపై బంగారపు రేకు దాపినవే. అంతటి రాజునకే పూత తప్పకపోగా సామాన్యుల మాట చెప్పనేల!

నగకును మతగ్రంథమునకును నేరుగా సంబంధము కల్పించు భాగమొకటి కలదు. లోకమున మృతుల గ్రంథమని ప్రసిద్ధమైన మంత్రసంకలనమున 155వ మంత్రము బంగారుతో జేసిన జెద్ స్తంభమునకు, 157వది బంగారు గ్రద్దకు, 158వది బంగారు కంటెకు సంబంధించినవి. ఉత్తరక్రియ నాడు వీనిని మృతుని కంఠమున నుంచవలెనని విధి. విధి బంగారమనుచుండ త్రవ్వకములలో వెడలిన జెద్ తాయెతులలో బెక్కులు నీలిమెఱుగు పూసిన కాచమృత్తికతో జేసినవి. కొన్ని పూతపూసిన కొయ్యవి. శాస్త్రమును దప్పిరనవలెనా? తొందరపడి యట్లనరాదు. ఆ మెఱుగుమట్టిని వారు చవుకసరకుగా మాత్రమే చూడలేదు. దానికి వారిడిన పేరునకే తళుకుగలదని యర్థము. కాంతియే ప్రధానము గనుక కాంతిగల వస్తువు బంగారము స్థానమున నిలువగలిగినది.

మీమాంసకులకు ఈ మర్యాద క్రొత్తది కాదు. జైమిని సూత్రముల యాఱవ యధ్యాయము మూడవ పాదమున ప్రతినిధి విచారము కలదు. వ్రీహులు దొరకనిచో నీవారములు, సోమలత దొరకనిచో పూతికలు గ్రాహ్యములు; క్రతువు నిలుచును. అయితే దేవతకును, అగ్నికిని, శబ్దమునకును, క్రియకును ప్రతినిధి లేదని యచటనే నిషేధము. ద్రవ్యమునకు బదులు ద్రవ్యము గలదు గాని మంత్రమునకు బదులు మఱియొక మంత్రము లేదు. ఐగుప్తీయులు మీమాంస నెఱుగుదురని గాని, మనవారు వారివలన గ్రహించిరని గాని చెప్పుట కేవలము సాహసము. ఒక కొలతబద్దగా మాత్ర మీ భేదము పనికివచ్చును. దీనిం బట్టి చూడగా గిల్టునగ ద్రవ్యప్రతినిధి. గిల్టుపాఠము ప్రతినిధియే కాజాలదు.

ఐగుప్తున నిజమైన మోసము లేకపోలేదు. థీబ్సు చేరువ దొరకి నేడు లైడెనునందున్న మూడవ శతాబ్దపు గ్రీకుభాషా పత్రమున బంగారమును హెచ్చించుటకును, వెండికి మాఱు మిశ్రలోహమును గూర్చుటకును శతాధికములైన యోగము లున్నవి. వానిలో గొన్నిటి ప్రయోజనము నిపుణుని కన్నును గప్పుటయే. తాయెతు చేసినవాడు వేఱు, ఈ యోగము వ్రాసినవాడు వేఱు.

ఇక పుస్తకములు. బాటప్రక్కల విరివిగా నగపడునవి వాలిస్ బడ్జి గ్రంథముల పునర్ముద్రణములు. బ్రిటిష్ మ్యూజియము కొఱకు 1888లో అనీ పత్రమును సంపాదించినవా డాయనయే. 1895లో దానిని మూలలిపితోను, ప్రతిపదార్థముతోను బ్రకటించెను. ఆ పరిశ్రమను దక్కువ సేయరాదు. పంక్తి క్రింద పంక్తిగా మూలమును, అర్థమును జూపుటచే జదువరికి ఒరగల్లు చేతికిచ్చినట్లైనది. తరువాత వచ్చిన యందమైన యనువాదములు పెక్కింటికి ఈ గుణము లేదు. చిక్కెచట వచ్చినదనగా, బడ్జి 1934లో గతించెను. ఈ లోపలను ఆ పిమ్మటను వ్యాకరణజ్ఞానము మిక్కిలి పెరిగినది. పునర్ముద్రాపకులలో గొందఱు తొలిముద్రణ సంవత్సరమును లోపలి పుటలనుండి తొలగించి నిన్ననే వ్రాసినదానివలె నట్ట మార్చి యమ్ముచున్నారు. చిలకలపూడి వర్తకుడు సేయని పని యిది. గ్రంథకర్తది పాత బంగారము, మట్టితో గలసినదైనను బంగారమే. పూత యంతయు నట్టమీదిది.

ఆయన 1899లో ప్రకటించిన ఐగుప్తు మతమను చిన్నపుస్తకము మన పండితులకు మఱింత యపాయకరము, ఏలయన మనకది మిక్కిలి రుచించును. తొలి ప్రకరణమే సర్వశక్తుడగు నేకేశ్వరునియందు ఐగుప్తీయుల విశ్వాసమును గూర్చినది. అది చదివిన వేదాంతి ఉపనిషత్తులను దలచుకొని తలయూపును. ఎఱిక్ హార్నుంగు 1971లో జర్మనుభాషను రచించిన గ్రంథమున ఈ మతమును నిపుణముగా బరీక్షించి, నెచెర్ అను దేవవాచకము వారి వ్రాతలలో నొక్క పరమేశ్వరునికి రూఢము కాదనియు, అనేకదేవతలే వారి భావనకు మూలమనియు నిరూపించెను. హెన్రీ ఫ్రాంక్‌ఫర్టు 1948లోనే ఒకే విషయమునకు బహుమార్గముల సమాధానములు చెప్పుట వారి పద్ధతి యని సూచించియుండెను. ఆకాశము గోవనియు, దేవి యనియు, కప్పు అనియు జెప్పుటలో వారికి విరోధము తోపలేదు. అందు సమన్వయము వెదకుట మన యలవాటు. అది వారి యక్కఱ కాదు.

నామములయందును పూత కలదు. ఐగుప్తు లిపి హల్లులనే వ్రాయును, అచ్చులను వ్రాయదు. ఓసిరిస్, అనూబిస్ అనునవి గ్రీకుల నోట మాఱిన రూపములు. బడ్జి యిచ్చిన రూపములలోని యచ్చులు పలుకుట కనువుగా నుంచినవే గాని ప్రాచీనోచ్చారణ కావు. తెలుగులిపిలో నచ్చు లేక పదము నడువదు గనుక మనము వ్రాయు ప్రతి నామమును కొంత పూతతోనే వెలువడును. అనివార్యమైన దీనికి దోషము లేదు, పీఠికలో నొకమాఱు చెప్పినచో జాలును. మాఅత్ అను శబ్దమును ధర్మమనియో ఋతమనియో మార్చివైచుట మాత్రము ప్రత్యేకదోషము. 125వ ప్రకరణమున నలువదియిద్దఱు న్యాయాధిపుల యెదుట మృతుని హృదయము తూగునది ఆ దేవత యీకతో గాని మన ధర్మశాస్త్రముతో గాదు.

గ్రంథనామమే యన్నిటికన్న బెద్ద పూత. 1842లో లెప్సియస్ ట్యూరిన్ పత్రమును 165 ప్రకరణములుగా విభజించి ప్రకటించుచు మృతుల గ్రంథమని జర్మనుపేరు పెట్టెను. నాటినుండి ఆ పేరే లోకమున నిలిచినది. దానిని యథాతథముగా దెనిగించినవానికి వెంటనే గరుడపురాణము తోచును. ఇంతకంటె దారి తప్పించు పోలిక లేదు. గరుడపురాణ ప్రేతఖండమును బ్రతికియున్న బంధువులు విందురు. ఐగుప్తు మంత్రములు మృతునితో సమాధియందుంచబడును. వానిని బలుకవలసినవాడు మృతుడే. అతని కోరిక చీకటిలో నణగియుండుట కాదు, బయటికి వచ్చుట. థామస్ అలెన్ 1974 నాటి చికాగో యనువాదమునకు రెండు పేరులను జేర్చియే యుంచెను. ఫాక్నరు 1972లో జేసిన యనువాదము 1985లో బ్రిటిష్ మ్యూజియమువారిచే జిత్రములతో మరల వెలువడినది. నేటి చదువరికి మొదట గొనదగినది యిదియే. బడ్జిని దానిప్రక్క నుంచుకొని మూలలిపికై చూచుట మేలు.

నాంపల్లి పబ్లిక్ గార్డెనులలోని ప్రదర్శనశాలయందు ఒక ఐగుప్తు స్త్రీ శవము భద్రపఱుపబడియున్నది. ఆఱవ నిజాము అల్లుడు నజీర్ నవాజ్ జంగు దానిని గొనితెచ్చి ఏడవ నిజామునకు సమర్పింపగా నాయన ప్రదర్శనశాల కొసగెనని ప్రసిద్ధి. ఆబిడ్సులో పుస్తకము గొన్న తిరుమలగిరి విద్యార్థికి అది దూరము కాదు. ఆ శవమును జూచుటకు వచ్చు బాలురకు మృతుల గ్రంథమను పేరు భయమునే కలిగించును. మూలనామము ప్‌ర్‌త్ మ్ హ్‌ర్‌వ్: వెలికి వచ్చుట, పగటియందు. సంస్కృతమున అహర్నిర్గమమనవచ్చును గాని బడిపిల్లవానికి మరల వ్యాఖ్య కావలెను. పగటివెలువడి యన్న తెలుగు పలుకు చెవికి గొంత మొరటైనను మూలమునందలి మూడు ముక్కలలో రెంటిని సరిగా బట్టును. నడుమనున్న మ్ అను ప్రత్యయమునకు లో, గా, నుండి యను నర్థములు మూడును గలవు గనుక విభక్తి నిర్ణయము మాత్ర మింకను విచార్యము.