మూసీ వెంట ఒక రోజు

హైదరాబాద్‌లో ఉంటున్నవాళ్ల ఇంటికి చుట్టాలొస్తే ఊరు చూపించే పద్ధతి ఒకటి స్థిరపడిపోయింది. పొద్దున్నే బండి మాట్లాడుకుని గోల్కొండ, అక్కణ్ణుంచి చార్మినార్, మధ్యాహ్నం సాలార్‌జంగ్ మ్యూజియం, చీకటి పడేవేళకి ట్యాంక్‌బండ్, ఓపిక మిగిలితే బిర్లా మందిర్. మర్నాడు అడిగితే చుట్టాలు ఈ పేర్లన్నీ చెప్పగలరు గానీ ఒకదానికీ ఇంకోదానికీ ఉన్న సంబంధం చెప్పలేరు. అది వాళ్ల తప్పు కాదు. సాలార్‌జంగ్‌లోకి వెళ్లి గంటలో బయటపడాలంటే గడియారం బొమ్మ గంట కొట్టేదాకా నిలబడటం, ముసుగు రెబెక్కా శిల్పం ముందు ఒక ఫొటో దిగడం, అంతే కుదురుతుంది. ఊరు చూపించడానికి బయల్దేరేటప్పుడు చేతిలో ఉండాల్సింది చోట్ల జాబితా కాదు, ఒక ప్రశ్న అని నా అభిప్రాయం. హైదరాబాద్‌కి నేనైతే నీళ్ల ప్రశ్న ఎంచుకుంటాను. ఈ బండరాళ్ల నేల మీద ఇంతమంది నీళ్లు ఎక్కణ్ణుంచి తెచ్చుకుని బతికారు?

ఆ ప్రశ్నతో బయల్దేరితే మొదట వెళ్లాల్సింది గండిపేట చెరువుకి. కట్ట మీద నిలబడి ఫొటోలు తీసుకుని, మిర్చి బజ్జీలు తిని తిరిగి వచ్చేసే చోటుగానే చాలామందికి తెలుసు. కానీ ఆ కట్ట పుట్టుక వెనక ఒక వరద ఉంది. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి వేలమంది ప్రాణాలు తీసింది. మళ్లీ అలా జరగకుండా ఏం చేయాలో చెప్పమని నిజాం ప్రభుత్వం ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. వరదను ఊరికి ఎగువనే ఆపాలని ఆయన చెప్పాడు. అలా మూసీ మీద 1920లో ఉస్మాన్‌సాగర్ (ఈ గండిపేటే), ఈసీ నది మీద 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. ఊరంతా దశాబ్దాలపాటు తాగిన గండిపేట నీళ్లు ఆ వరదకట్ట వెనక నిలిచినవే. ఈ సంగతి తెలిశాక కట్ట మీంచి ఊరివైపు చూస్తే, నది ఎటు దిగుతుందో, దాని కింద ఎవరెవరున్నారో పిల్లలకు కూడా వివరించి చెప్పొచ్చు. ఆ రోజు మిగతా దారంతా నది దిగే దిక్కుగానే సాగాలి.

గోల్కొండలో కోట ద్వారం గుమ్మటం కింద చప్పట్లు కొట్టడం, అది పైన కొండమీదికి వినబడటం అందరూ చూపిస్తారు. చూడాల్సిందే, నిజంగా ఆశ్చర్యపరిచేదే. కానీ నాలుగు వందల అడుగుల కొండ ఎక్కేది చప్పుడు ఒక్కటే కాదు, నీళ్లు కూడా ఎక్కాలి. కింద తొట్లలోంచి చక్రాలతో ఒక్కో మెట్టుకి తోడి పోసుకుంటూ, పైన నిల్వ చేసి, మట్టిగొట్టాల ద్వారా మహళ్లకి పంపేవారు. గోడల్లో అక్కడక్కడా బయటపడ్డ ఆ గొట్టాలను వేలితో తడిమి చూడొచ్చు. కాల్చిన మట్టి గొట్టాలను ఒకదాని మూతిలో ఇంకోదాన్ని దూర్చి, సందులు సున్నంతో పూడ్చి, గోడ కడుతూనే అందులో పొదిగారు. దగ్గర్లోని కుతుబ్‌షాహీ సమాధుల తోటలో బడీ బావి ఉంది. 2013 వానలకు దాని గోడ కూలితే మళ్లీ కట్టి నిలబెట్టారు. ఎండ మండే రోజు కూడా మెట్లమీద నీడ ఉంటుంది, పెద్దవాళ్లు కూర్చోవడానికి కొండ కంటే అది నయం.

ఇక మూసీ మీది వంతెన పురానాపూల్. గోల్కొండ సుల్తాను ఇబ్రహీం కుతుబ్‌షా 1578లో కట్టించాడు, అంటే చార్మినార్‌కన్నా పదమూడేళ్లు ముందు. యువరాజు తన ప్రేయసి భాగమతి కోసం వరద ఏరు దాటితే, కొడుకు మీద ప్రేమతో తండ్రి వంతెన కట్టించాడన్న కథ అందరికీ తెలుసు. అయితే అప్పటికి ఆ యువరాజుకి పన్నెండు పదమూడేళ్లు. కోటలో చోటు చాలక ఊరు ఏరు దాటబోతోందన్న మాటే ఆ రాళ్లు చెబుతున్నాయని నేననుకుంటాను. అక్కణ్ణుంచి అఫ్జల్‌గంజ్ వెళ్తే ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఒక చింతచెట్టు ఉంది. 1908 వరదలో నూట యాభై మంది దాకా దాని కొమ్మలు పట్టుకుని బతికారు. రోగులకు అడ్డం రాకుండా వెళ్లి, ఆ చెట్టు కింద పది నిమిషాలు నిలబడాలి. పొద్దున గండిపేట కట్ట చూసి వచ్చినవాళ్లకు ఆ కట్ట ఎందుకు కట్టారో ఇక్కడ ఒక్క మాట కూడా చెప్పక్కర్లేదు. తర్వాత నది దాటితే గుల్జార్ హౌజ్, నాలుగు కమాన్ల నడుమ కట్టిన నీటితొట్టి. దాన్ని దాటితే ఎదురుగా చార్మినార్.

మూసీ కంపు కొడుతుంది, చుట్టాలకు అదెందుకు చూపించాలని అడగొచ్చు. కంపు కొడుతోందన్నది నిజమే, దాచడానికి వీల్లేనంత నిజం. కానీ పొద్దున గండిపేటలో తేటనీరు చూసినవాళ్లు సాయంత్రానికి అదే నదిని ఆ రంగులో చూస్తే, మధ్యలో ఏం జరిగిందని వాళ్లే అడుగుతారు. ఆ ప్రశ్న రాకుండా తప్పించడం నాకు ఇష్టం లేదు. ఇలా వెళ్తే సాలార్‌జంగ్, జూ, కోఠీలో రెసిడెన్సీ అన్నీ పోతాయనే ఆక్షేపణ ఇంకా బలమైనది. పోతాయి. ఆదిలాబాద్ నుంచో శ్రీకాకుళం నుంచో జీవితంలో ఒక్కసారి వచ్చిన పెద్దావిడ సాలార్‌జంగ్ చూడాలని ముచ్చటపడితే, ఈ వాదన పక్కనపెట్టి ఆవిణ్ణి అక్కడికే తీసుకెళ్లాలి, పూర్తిగా ఒక పూట కేటాయించాలి. నా మాట ముఖ్యంగా ఇక్కడే ఉండి, అన్నీ చూసేశామనుకునేవాళ్లకు. 2020 అక్టోబర్ వానలకు ఎన్నో కాలనీలు నీట మునిగితే, తమ ఇళ్లు పాత చెరువుల శిఖంలో, అంటే నీరు నిలిచే నేలలో, ఉన్నాయని అప్పుడుగానీ తెలియనివాళ్లు ఎందరో. అలాంటివాళ్లకి ఇంకో ఆదివారం దొరికితే, కారు తియ్యకుండా తమ వీధి చివర నాలా దగ్గర మొదలుపెట్టి, అది ఏ చెరువులోంచి వస్తుందో, మూసీలో ఎక్కడ కలుస్తుందో నడిచి చూసుకోవచ్చు.